విజిల్ వేస్తేనే కదిలే ఇల్లు

మా బావ బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన ఘనకార్యం ఒక్కటే: బస్సు వెనకాల నిలబడి విజిల్ వేయడం. రెండుసార్లు వేస్తే కదలాలి, ఒకసారి వేస్తే ఆగాలి. స్టీరింగు ముట్టుకున్న పాపాన మాత్రం పోలేదు.

అలాంటి మనిషి రిటైరయ్యాక ఊరుకోకుండా పాత క్యారవాన్ ఒకటి కొనుక్కొచ్చాడు. మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ లోపలే. "ఇక మన ఇల్లు మనతోనే తిరుగుతుంది" అని వీధంతా చాటాడు. తిరగాలంటే నడిపేవాళ్ళు కావాలి కదా! డ్రైవింగ్ నేర్చుకోండి బావా అంటే ఒంటికాలి మీద లేచాడు. కంట్రోల్ చేసేవాడు డ్రైవ్ చేయకూడదట, చేస్తే రెండూ చెడతాయట. ఇంతటి సిద్ధాంతం ముందు ఎవరు నిలుస్తారు? చివరికి మా అక్క, మోకాళ్ళ నొప్పులు మొదలైన వయసులో, డ్రైవింగ్ స్కూల్లో చేరింది.

ఆయన ప్రయాణమంటే సముద్రం ఒడ్డుకే, అదీ ఆఫ్ సీజన్‌లోనే. "జనం వెళ్ళేటప్పుడు ఎవడైనా వెళ్తాడోయ్" అంటాడు. మిగతా రోజుల్లో జనం ఎందుకు వెళ్ళరో ఆలోచించేంత తీరిక ఆయనకు లేదు. దుకాణాలకు షట్టర్లు దించి ఉంటాయి. కుర్చీలు టార్పాలిన్ కింద తాళ్ళతో కట్టేసి ఉంటాయి. కుళాయి తిప్పితే గాలి వస్తుంది. పోనీ ఏకాంతం ఇష్టమా అంటే అదీ కాదు. అంత ఖాళీ మైదానంలో ఇంకో బండి కనిపిస్తే చాలు, సరిగ్గా దాని పక్కనే పెట్టిస్తాడు. వాళ్ళు మొహం మాడ్చుకుని తెల్లారేసరికి లేచిపోతారు. "చూశావా, మనం రాగానే చోటు ఖాళీ అయింది" అని ఈయన మురిసిపోతాడు.

ఈసారి అక్క ఫోన్లో ఒకటే దగ్గు. "ఏం లేదురా, గాలి" అంది. నా ఒళ్ళు మండింది. ఈయనగారి సరదాకు మా అక్క ఊపిరితిత్తులు బలి కావాలా? ఇక ఎలాగైనా ఆమెను మా ఇంటికి తెచ్చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. మా ఆవిడ ముందుగది ఖాళీ చేసి పరుపు వేయించింది. నేను కారు తీశాను.

నేను చేరేసరికి వాళ్ళ బండి నీళ్ళకు దగ్గరగా ఇసుకలో ఉంది. పైన గోడ పక్కన కంకర పరిచిన గట్టి నేల అంతా ఖాళీ. సాయంత్రం నీళ్ళు పైకొస్తాయి, కింద పెట్టొద్దని వాచ్‌మన్ చెప్పాడట. బావ చెవిన వేసుకోలేదు. పడుకుంటే కిటికీలోంచి సముద్రం కనపడాలట.

లోపల ఇద్దరం ఒకేసారి నిలబడలేనంత ఇరుకు. కప్పులు కొక్కేలకు వేలాడుతున్నాయి, చక్కెర డబ్బాలో సగం ఇసుక. అక్క స్వెటరు మీద శాలువా కప్పుకుని, పాత పేపరుతో ముందు అద్దం తుడుస్తోంది.

"అక్కా, బట్టలు సర్దుకో. మనింటికి పోదాం."

"ముందు టీ తాగరా. వచ్చీ రాగానే ఏమిటా తొందర?"

టీ సగం తాగానో లేదో, అల ఒకటి వచ్చి వెనక చక్రాన్ని తడిపింది. బావ ఎగిరి దూకి బండి వెనక్కి పరిగెత్తాడు. అక్క స్టీరింగు ముందు కూర్చుంది. నేను కిందికి దిగి తోయడానికి భుజం ఆనించాను. రెండు విజిళ్ళు. బండి మూరెడు కదిలింది. ఒక విజిల్. ఆగింది.

"వంకరగా పోతోంది! కాస్త ఎడమకి!" అని అరిచాడు బావ.

మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి. ఆగినప్పుడల్లా చక్రం ఇంకాస్త దిగబడుతోంది. నీళ్ళు నా చెప్పుల్లోకి వచ్చాయి. ఇల్లు మునుగుతుంటే ఈయనకు బండి వరసలో ఉందా లేదా అన్నదే బెంగ! ఆ వరసలో నిలబెట్టడానికి పక్కన ఇంకో బస్సు కూడా లేదు.

అప్పుడు అక్క కిటికీ అద్దం పైకెత్తేసింది. విజిల్ కోసం ఆగలేదు. ఇంజన్ ఒక్కసారి గట్టిగా మూలిగింది, ఇసుక నా మొహాన కొట్టింది, బండి ఊగుతూ గట్టెక్కి, మైదానం దాటి, గోడ చాటున కంకర మీద ఆగింది. బావ ముణుకుల్లోతు నీళ్ళల్లో నిలబడి ఇంకా ఊదుతూనే ఉన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఇన్నేళ్ళకు ఆయన అసలు విలువ బయటపడిందని పరమానందం కలిగింది.

ఆ ఊపులోనే కారు తెచ్చి క్యారవాన్ ముందు ఆపి, దిగి అక్క దగ్గరికి వెళ్ళాను. ఆమె మొహం ఎర్రబడి ఉంది. చేతులు ఇంకా స్టీరింగు మీదే ఉన్నాయి.

"చాలక్కా, చూశావుగా. ఈ మనిషితో ఇంకా ఎన్నాళ్ళు వేగుతావు? రా, ఎక్కు."

"మీ ఇంటికొచ్చి ఏం చేయనురా?"

"హాయిగా కూర్చో. ఎక్కడికన్నా వెళ్ళాలంటే నేను తీసుకెళ్తాను."

"ఆయన కోసం ఇలా తిరుగుతున్నాననుకున్నావా? ఆయన గోల ఆయనది. నాకు బండి నడపడమంటే ఇష్టంరా. దగ్గుకి మందు వేసుకుంటే పోతుంది."

బావ తడిసిన ప్యాంటు పిండుకుంటూ వస్తున్నాడు. వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. అక్క నోట కనీసం ఒక్క తిట్టన్నా వినపడుతుందని ఆశపడ్డాను. అక్క తువ్వాలు అందించింది, అంతే.

"ఊళ్ళో మందుల దుకాణం మూసేలోపు వెళ్ళొస్తాం. నీ కారు అడ్డంగా ఉంది. తాళం ఇటివ్వు, తీసి పక్కన పెడతాను" అంటూ చెయ్యి చాపింది.

నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. ఆ కారును ఇంతవరకు మా ఆవిడను కూడా ముట్టనివ్వలేదు.

"నువ్వెందుకక్కా? నేను తీస్తాలే" అన్నాను.

"తెలుసురా. అందుకే మీ ఇంటికి రానంటున్నాను" అంది అక్క.