మాత్రలు మిగిలుండగానే చెప్పిన సాక్ష్యం

ఆ ఆదివారం ఆరాధనలో రెండో చరణం ఎత్తుకోగానే నా గొంతు ఆగిపోయింది. దగ్గు. మూడు వారాలుగా ఉన్నదే. పోపు ఘాటు అనుకున్నాను, వానగాలి అనుకున్నాను. ఆరోజు మాత్రం రుమాలు మీద ఎర్రటి చుక్క కనిపించింది. రుమాలు మడిచి బైబిలు సంచిలో పెట్టి, మూడో చరణానికి పెదాలు మాత్రం కదిపాను.

మాది అండమాన్‌లో ప్రోతరాపూర్. స్కూల్లో ఆయాగా పనిచేస్తాను. మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు, పిల్లలు లేరు. మా తెలుగు సంఘంలో స్త్రీల కూడికకు నాయకురాలిని. పరిశుద్ధంగా బ్రతకడమంటే ఏమిటో నన్ను చూసి నేర్చుకోవాలని లోలోపల నాకో గర్వం ఉండేది.

పోర్ట్ బ్లెయిర్‌లో పెద్దాసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్ష చేశారు. "స్పుటం పాజిటివ్. టీబీ. ఆరు నెలలు మందులు వాడాలి. తగ్గినట్టు అనిపించినా ఆపకూడదు" అన్నారు డాక్టరుగారు. ఆ చివరి మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

మొదటి రెండు నెలలు ఇల్లు కదల్లేదు. కూడికలో అక్కలు గేటు దగ్గరే వందనాలు చెప్పి వెళ్లిపోయేవారు. తప్పు పట్టను, వాళ్లకీ పిల్లలున్నారు. మాత్రలు వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వచ్చేది. అది చూసి భయపడి, చెప్పుకోవడానికి మనిషి లేక గోడ మీది బల్లితో చెప్పాను. బల్లి నయం, టిక్కుమని జవాబైనా ఇచ్చేది.

రెండు నెలలకు దగ్గు పోయింది, కఫం నెగటివ్ వచ్చింది. మా సంఘంలో జబ్బు తగ్గినవాళ్లు నెల మొదటి ఆదివారం లేచి సాక్ష్యం చెబుతారు. నేనూ లేచాను. ప్రభువు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడన్నాను. అందరూ స్తోత్రమన్నారు. ఆరాధన అయ్యాక వరసగా వచ్చి నా చేతులు పట్టుకున్నారు. రెండు నెలల తర్వాత నన్నొక మనిషి ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆ చేతుల కోసమే అంత గట్టిగా చెప్పానేమో.

స్వస్థత సాక్ష్యం చెప్పాక ఇంకా మందు మింగడం అవిశ్వాసమని మాలో ఒక మాట ఉంది. ఒకప్పుడు షుగరు మాత్రలు వేసుకునే ఒకావిడను ఆ మాటతోనే నేను ఏడిపించాను. ఇక నా మాత్రలు నేనెలా మింగను? మిగిలిన అట్టలు ట్రంకుపెట్టె అడుగున పడేశాను.

నాలుగు నెలలకు జ్వరం, మళ్లీ దగ్గు. ఈసారి డాక్టరుగారు కేకలేశారు. "రిలాప్స్. ఎనిమిది నెలలు. మొదటి రెండు నెలలు ఇంజెక్షన్లు" అన్నారు. ఇంజెక్షన్ చేస్తూ నర్సు, "దీదీ, దవా క్యూఁ ఛోడ్ దియా, మందు ఎందుకు వదిలేశావు? వండూర్ నుంచి మీ చర్చి ఆదమీ ఒకడు, వాడూ బంద్ చేశాడు. మా దీదీకి దవా లేకుండా అయిసే హీ తగ్గింది అంటాడు. ఆ దీదీ నువ్వేనా?" అంది.

నేనే. ఆ మనిషి ప్రకాశం అన్నయ్య, పడవ మీద చేపలకు వెళ్లేవాడు. సూది నొప్పి నాకు తెలియనేలేదు.

మర్నాడే ముఖానికి గుడ్డ కట్టుకుని వండూర్ బస్సెక్కాను. అన్నయ్య ఇంటి ముంగిట్లో మంచం మీద ఉన్నాడు, డొక్కలు లెక్కపెట్టొచ్చు. నేను కంచె దగ్గరే నిలబడి జరిగిందంతా చెప్పాను. మాత్రలు మళ్లీ మొదలుపెట్టమని ఏడ్చాను. ఇద్దరం అటొకరు ఇటొకరు దగ్గుకున్నాం.

"నీ సాచ్చెం ఇనే మానీసేను సెల్లీ, మల్లీ నీ మాట ఇనే మొదలెడతాను. కానీ ఇదే మాట సంఘంలోన కూడా సెప్పు. నాలాటోలు ఇంకెందరు మానీసేరో" అన్నాడు.

పాస్టరుగారు వద్దన్నారు. అందరి విశ్వాసం చెదిరిపోతుందన్నారు. ఆ ఆదివారం లోపలికి వెళ్లకుండా గుమ్మం బయటే నిలబడి చెప్పాను: "నేను ఆరోజు చెప్పింది నిజం కాదు. నాకు తగ్గలేదు. ఎవరైనా నన్ను చూసి మందులు మానేస్తే మళ్లీ వేసుకోండి." ఎవరూ స్తోత్రమనలేదు. ఎవరూ నా చేతులు పట్టుకోలేదు.

ఎనిమిది నెలలూ ఒక్క పూట తప్పలేదు. ఇప్పుడు నాకూ నెగటివ్, అన్నయ్యకూ నెగటివ్. కూడికకు వేరే ఆవిడ నాయకురాలు. నేను చివరి బెంచీ మీద కూర్చుంటాను, పక్కన చోటు చాలా వారాలు ఖాళీయే. బాధ లేదని చెబితే అది ఇంకో దొంగ సాక్ష్యం అవుతుంది. సముద్రం మీదికి వెళ్లని ఆదివారం మాత్రం అన్నయ్య బస్సు దిగి వచ్చి ఆ చోట్లో కూర్చుంటాడు. పాట ఎత్తుకుంటే ఇద్దరికీ ఊపిరి సరిపోతోంది.

ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. బాగుచేసేవాడికి లేని తొందర మనకెందుకు? ముందు చివరి మాత్ర మింగండి. తర్వాత లేచి నిలబడండి.