చెరకు కప్పను సాకిన ఆంటీ

పోయిన మంగళవారం పొద్దున మా వీధి చివరింటి ఆంటీ పోయారు. ఎన్నిస్ ఊరి నుంచి వచ్చిన వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "అమ్మ లేదక్కా" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఆ కప్పనేం చేద్దాం? కెనాల్‌లో వదిలేద్దామా?" అన్నాడు. ఏడుస్తున్నదాన్ని ఏడుస్తూనే మండిపడ్డాను. ఆ తల్లి కడుపున పుట్టి ఆ మాటెలా వచ్చిందో నాకర్థం కాలేదు.

కోపమెందుకో మీకు చెప్పాలి. ఆ కప్ప ఐర్లండ్‌లోని ఈ మెయ్‌నూత్ ఊరికి వచ్చింది మా ఇంటి పుణ్యమే. ఇక్కడ కొన్ని తెలుగు కుటుంబాలం కలిసి కాస్త నేల అద్దెకు తీసుకుని, ప్లాస్టిక్ గుడారం వేసి గోంగూర పెంచుతాం. ఈ వానల దేశంలో ఆకు మనకంటే ముందు నత్తలే తింటాయి. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. తెలివికి లోటు లేదు, తొందరకు అంతకంటే లేదు. ఎవరో పెంపుడు కప్పను ఊరికే ఇస్తున్నారని ఆన్‌లైన్‌లో చూసి డబ్బాలో పెట్టుకొచ్చారు.

ఆంటీ ఇక్కడి యూనివర్సిటీలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆ రోజు గోంగూర కోసుకుందామని వచ్చి డబ్బాలోకి తొంగిచూశారు.

"ఇది చెరుకు కప్ప. చెయ్యి పెట్టకుండ్రి. కండ్ల ఎన్క ఆ ఉబ్బుల నిండ విషమే."

"ఒక్కటేగా ఆంటీ" అన్నారు మా ఆయన. "వదిలేస్తే దాని మానాన అది నత్తల్ని తింటుంది."

"ఆస్ట్రేలియల గూడ గట్లనే అనుకున్నరు. చెరుకును పురుగు తింటున్నదని దీన్ని తెచ్చి విడిచిన్రు. పురుగేమో చెరుకు కొసకు, ఇదేమో నేల మీద. పురుగును విడిచిపెట్టి దొరికిందల్ల తిన్నది. వేలకు వేలు గుడ్లు పెట్టింది. దీన్ని మింగిన పాములు, ఉడుములు, ఆఖరికి మొసళ్ళు గూడ సచ్చినయ్."

ఆమె చదివి చెప్పిన మాట కాదు. ఐర్లండ్ రాకముందు ఆస్ట్రేలియాలో ఏళ్ళ తరబడి ఉడుములకు పాఠం చెప్పారు. పెద్ద కప్పను తిన్న ఉడుము చస్తుంది. ముందే ఓ పిల్ల కప్పను తినిపిస్తే కక్కుకుని, బతికి, మళ్ళీ ఆ జోలికి పోదు. అవి నేర్చుకునేదాకా ఆంటీ వదల్లేదట. ఉడుం పట్టు అసలు ఎవరిదో నాకు అప్పుడే తెలిసింది.

మా అమ్మాయి మధ్యలో దూరి, "బట్ ఇట్స్ ఫ్రీజింగ్ హియర్, ఆంటీ. ఇట్ విల్ డై ఎనీవే" అంది.

"అవ్ బిడ్డా, చలికి సస్తది. గా లోపట ఏ కుక్కనో నోట్ల పెట్టుకుంటది. దీనికేమన్న రోగముంటే ఇక్కడి కప్పలకు అంటుకుంటది. వదిలేసుడంటే చేతులు దులుపుకునుడే. తెచ్చినోళ్ళే సాకాలె."

మా ఆయన ముఖం చూసి, "నీతోని కాదులే" అని ఆంటీ డబ్బా చంకన పెట్టుకుపోయారు.

అప్పట్నుంచి అది వాళ్ళ వంటింట్లోనే, గాజుపెట్టెలో, వెచ్చటి దీపం కింద. ప్రెస్‌లో, అదే వంటింటి అలమారలో, కందిపప్పు డబ్బా పక్కనే దాని తిండికి బతికున్న కీచురాళ్ళ డబ్బా. పప్పనుకుని నేనోసారి తెరిచి కెవ్వుమన్నాను. ఆంటీ పడీపడీ నవ్వారు. నాకు దాన్ని చూస్తేనే అసహ్యమన్నాను. "ఇష్టపడుమని ఎవలన్నరు? తిండి పెట్టు, సాలు" అన్నారు.

గుడారం పక్కన మాతో చిన్న నీటి గుంట తవ్వించారు. మరుసటి వసంతానికి ఈ దేశపు కప్పలే వచ్చి గుడ్లు పెట్టాయి. నత్తలు తగ్గాయి, గోంగూర మిగిలింది. మాకు ఆమె నేర్పింది చాలా ఉంది. ఆ రుణం తీరేది కాదు.

దహనం అయిన మర్నాడు గాజుపెట్టెను మా ఇంటికి తెచ్చేశాను. "వెట్ దగ్గరికి తీసుకెళ్తే నొప్పి లేకుండా నిద్రపుచ్చేస్తారు కదా" అన్నారు మా ఆయన. "అది ఇంకో పదేళ్ళు బతకొచ్చు, తెలుసా?"

"బతకనీ" అన్నాను.

అది తిండి ముట్టలేదు. రోజూ పట్టకారుతో కీచురాయిని చూపించడం, అది మొహం తిప్పుకోవడం. నాకు ఏడుపొచ్చేది, అయినా మానలేదు. నిన్న సాయంత్రం ఉన్నట్టుండి నాలుక విసిరి లాక్కుంది. కప్ప మింగేటప్పుడు కళ్ళు తలలోకి దిగి ముద్దను గొంతులోకి నెడతాయి. ఆ కళ్ళు మూతపడి లోపలికి దిగాయి. కాసేపటికి మళ్ళీ పైకి తేలి, తెరుచుకుని, నా చేతికేసి చూశాయి.

ఎప్పుడొచ్చి నిలబడ్డారో, నా వెనక నుంచి మా ఆయన డబ్బా మూత తీసి రెండో కీచురాయిని అందించారు.