పొడుగు ప్లగ్గు

పోయిన నెలలో ఒక ఉదయం, వట్లూరులో మా ఇంట్లో కాఫీ కలుపుతుంటే ఫోను మోగింది. "టీచరు గారండీ, మీ మేస్త్రి గారు వెళ్లిపోయారండీ," అంది ఆయన భార్య. భర్త పోయిన మనిషి, నాతో 'మీ మేస్త్రి గారు' అంది. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

కైకలూరు దాటి రోడ్డు ఆగిపోయేచోటు నుంచి కొల్లేటి లంకలో ఉన్న మా బడికి పదకొండేళ్లు నన్ను దాటించింది ఆయనే. ఊరి పడవ నడిపేవారు. దాని వెనక తగిలించిన రెండు సిలిండర్ల పాత మోటారుని తనే బాగుచేసుకునేవారు. అందుకే లంకలో చిన్నా పెద్దా అందరికీ ఆయన మేస్త్రి గారు. ఎవరినీ నువ్వు అని ఎరగరు. మోటారు మొండికేసినా "ఏవండీ, ఏమైందండీ తమకి?" అని దాన్నే అడిగేవారు. నేను నవ్వితే, "నవ్వకండి టీచరు గారూ, అదీ వింటుంది," అనేవారు.

ఏటా బడి తెరవడానికి ముందు మోటారుకి స్పార్కు ప్లగ్గులు మార్చడం ఆయన ఆనవాయితీ. నేను పనిముట్ల రేకు డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. నాకు నోరు ఊరుకోదు కదా, అన్నిటికీ ప్రశ్నలే. పాత ప్లగ్గు విప్పి కొస చూపించేవారు. నల్లగా జిడ్డుగా ఉంటే పెట్రోలులో ఆయిలు ఎక్కువ కలిపినట్టు. తెల్లగా మాడితే మోటారు వేడెక్కుతున్నట్టు. "బెల్లం రంగులో ఉందంటే కడుపులో చల్లగా ఉందన్నమాటండీ." కొత్త ప్లగ్గు కొస దగ్గర నిప్పురవ్వ దూకే సందుని విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కతో కొలిచేవారు. ముక్క బిగుతుగా దూరాలి, ఇరుక్కోకూడదు. బిగించేటప్పుడు ముందు వేళ్లతోనే తిప్పాలి, ఆఖరున మాత్రమే స్పానరు. ఒకటే పాడైనా రెండూ మార్చేవారు. "ఒకళ్లకే కొత్తబట్టలు పెడితే రెండోవాళ్లు అలగరూ?" అనేవారు. ఇక అన్నిటికన్నా పెద్దమాట ఒకటుండేది: "పాతది చేతిలో లేకుండా కొత్తది కొనకండి."

ఆ మాటే నేను మరిచిపోయాను.

ఒక ఏడాది ట్రైనింగుకని ఏలూరు వెళ్లినప్పుడు, మేస్త్రి గారికి శ్రమ తప్పిద్దామన్న సరదా పుట్టింది నాకు. స్పేరు పార్టుల షాపులో పడవ మోటారుకి ప్లగ్గులు కావాలన్నాను. పాతది తెచ్చారా అని అడిగారు. తేలేదు. లావు ఒకటే గాని పొడవులో తేడా ఉన్న రెండు రకాలు బల్ల మీద పెట్టారు. కొల్లేటి గాలి తగిలిన బుద్ధి ఎక్కడికి పోతుంది? చేపల బజారులో ఎంచినట్టు పొడుగువే ఎంచాను. ఆదివారం మధ్యాహ్నం ఆయన చర్చి నుంచి రాకముందే రేవుకి వెళ్లి, వేళ్లతో తిప్పి, స్పానరుతో బిగించి, ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చేశాను. ఎంత గర్వమో!

సోమవారం పడవ నిండా జనం. మేస్త్రి గారు తాడు లాగారు. లోపల ఠక్కుమంది. ఇంకోసారి లాగారు. మోటారు బిగుసుకుపోయింది. విప్పి చూస్తే ప్లగ్గు కొస అణిగిపోయి ఉంది, పిస్టను నెత్తి లొట్టపడింది. పొడుగు ప్లగ్గు లోపలికి ఎక్కువ దిగి, పైకొచ్చే పిస్టనుకి అడ్డం పడింది. ఆయన ప్లగ్గుని చూశారు. నన్ను చూశారు. నా మొహం తేలు కుట్టిన దొంగలా ఉండి ఉంటుంది.

"నాదే పొరపాటండీ," అన్నారు జనంతో. "తొందరలో చూసుకోలేదు."

పిస్టను కాకినాడ నుంచి వచ్చేదాకా, కొల్లేటి నీళ్ల మీద అల్లుకున్న గుర్రపు డెక్కలోంచి, ఆ వయసులో, పడవని గెడతో నెట్టారు. రోజూ ఎదురుగా కూర్చున్నాను. నోరు పెగల్లేదు. పిల్లలకి నిజం చెప్పాలని పాఠం చెప్పే నోరు అది! ఆ ఏడాది సర్కారు వరద పడవల మోటార్లు చూసే పని ఆయనకి రావాల్సింది. 'సొంత మోటారే పాడుచేసుకున్నాడు' అన్న మాట పుట్టి, వేరేవాళ్లకి పోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి, "మేస్త్రి గారూ, ప్లగ్గు చూసుకున్నారా అండీ?" అన్నది రేవులో పలకరింపైపోయింది. ఆయన నవ్వేవారు. ఒకసారి క్షమాపణ అడగబోతే, "పిల్లలు ఎదురుచూస్తుంటారు, ఎక్కండి," అన్నారు. అంతటితో నేనూ ఊరుకున్నాను. నాకు బదిలీ అయింది.

మేస్త్రి గారి ఇంట్లో, చర్చివాళ్లు ఆయన జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికకి వెళ్లాను. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే లేచి ఆయన గురించి చెబుతున్నారు. రోజూ పడవలో పాలక్యాన్లు వేసుకొచ్చే పెద్దాయన లేచి, ప్రేమగానే, "అంతటి మేస్త్రి గారికీ ఒక్కసారి ప్లగ్గు తప్పిందండీ," అన్నాడు. అందరూ నవ్వారు.

నేను లేచాను. "ఆయనకి తప్పలేదండీ. ఆ ప్లగ్గులు కొన్నది నేను, బిగించింది నేను. ఇన్నేళ్లూ చెప్పలేకపోయాను," అన్నాను. ఆయన భార్య లోపలికి వెళ్లి రేకు డబ్బా తెచ్చింది. అడుగున గుడ్డలో చుట్టి, కొస అణిగిన పొడుగు ప్లగ్గు.

"పారేయమంటే పారేయలేదండీ. 'టీచరు గారు నాకోసం కొన్నది' అనేవారు," అంది.

డబ్బా నా చేతిలో పెట్టి మళ్లీ అంది: "వారంలో బడి తెరుస్తారు. ఈ ఏడాది ప్లగ్గులు మార్చకుండానే వెళ్లిపోయారండీ. కొత్త జత తెచ్చి ఇందులోనే పెట్టారు. మీరు మార్చి పెట్టండి."

రేవుకి అందరూ వచ్చారు. పాతవి విప్పి, కొత్తవి పక్కన పెట్టి పొడవు చూసుకున్నాను, మళ్లీ చూసుకున్నాను. హ్యాక్సా ముక్క బిగుతుగా దూరింది. వేళ్లతో తిప్పాను, ఆఖరున స్పానరు. పాలాయన తాడు లాగాడు. మూడో లాగుకి మోటారు అందుకుంది.

మేస్త్రి గారు తన చేత్తో బిగించిన చివరి జత నా అరచేతిలో ఉంది. పాలాయన ముందు చెయ్యి చాపాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు.

రెండూ బెల్లం రంగులో ఉన్నాయి.