మణి పుస్తకం నేను చదవలేదు

ఆ ఉదయం నేను చేపల గంప ఎత్తుకోబోతుంటే మణి నా కొంగు పట్టుకుని వదల్లేదు.

"పెద్దమ్మా, కడుపులో నొప్పి. నువ్వెళ్ళకు."

మణి మా చెల్లెలి కూతురు. ఇక్కడ పేరు మార్చాను. తల్లి పోయాక నా దగ్గరే పెరిగింది. అప్పటికి తొమ్మిదేళ్ళు. నేను బందరు రేవులో చేపలు తీసుకుని గుడివాడ వెళ్ళి అమ్మేదాన్ని. బడి వేళయ్యేదాకా, బడయ్యాక నేనొచ్చేదాకా పిల్ల ఎదురింట్లో ఉండేది. ఆ ఇంటాయన్ని మావయ్యా అని పిలిచేది. మా ఊళ్ళో పెద్దవాళ్ళంతా మావయ్యలూ బాబాయిలే.

"బడెగ్గొట్టే నొప్పా?" అని నవ్వి, ఆ ఇంట్లోనే దింపి వెళ్ళాను.

నొప్పి రోజూ అదే వేళకు వచ్చేది. పక్క తడపడం మొదలైంది. నాగదోషమేమోనని మోపిదేవి తీసుకెళ్ళి పుట్టలో పాలు పోయించాను. తగ్గలేదు. బందరు ఆస్పత్రిలో బ్లడ్ టెస్ట్, స్కానింగ్ చేశారు. అన్నీ నార్మల్.

డాక్టరమ్మ నన్ను బయట కూర్చోబెట్టి మణితో చాలాసేపు మాట్లాడారు. తర్వాత లోపలికి పిలిచారు.

"జబ్బు కడుపులో లేదమ్మా. ఎదురింటాయన పిల్లతో తప్పుగా ప్రవర్తిస్తున్నాడు. చెప్పినా మీ పెద్దమ్మ నమ్మదు అన్నాడట."

మణి నా మొహంలోకే చూస్తోంది.

"నమ్ముతున్నానే తల్లీ," అన్నాను. ఆ మాట ఆలస్యం చేయకుండా అన్నందుకు ఇవాళ్టికీ నాకు తృప్తి.

పోలీసులకు కంప్లైంట్ ఇచ్చాను. "పరువు పోద్ది" అన్నారు ఊళ్ళో. "పోయేది వాడి పరువు" అన్నాను. కేసు నడిచింది, వాడికి శిక్ష పడింది.

కేసు నడుస్తుండగానే విజయవాడలో మణికి కౌన్సెలింగ్ మొదలైంది. అక్కడి మేడం మణికి ఒక నోటుపుస్తకం ఇచ్చారు. "చెప్పలేనివి ఇందులో రాసుకో. ఇది నీది." మణి రాసుకునేది, పొయ్యి పక్కనే వదిలేసేది. నాకు చదువు రాదుగా!

నిద్ర పట్టసాగింది. అన్నం తింటోంది. అంతలో పెడనలో ఒక పెళ్ళికి వెళ్ళాం. ఎవరో ముసలాయన దాహమన్నాడు. అలవాటు కొద్దీ నేనే, "మావయ్యకి మంచినీళ్ళివ్వవే, సిగ్గేంటి?" అని ముందుకు తోశాను. గ్లాసు కింద పడింది. పది రోజులు మాట లేదు. నొప్పి మళ్ళీ వచ్చింది.

"తిరగబెట్టిందంటే మొదటికొచ్చినట్టు కాదమ్మా," అన్నారు మేడం. "వద్దు అనే హక్కు తనకుండాలి. తోయకండి, అడగండి."

అప్పట్నుంచి ప్రతిదీ అడిగాను. వెళ్దామా? జడ వేయనా?

ఆ ఏడే ఊళ్ళో పెద్దవాళ్ళకు చదువు చెప్పే బడి పెట్టారు. చేరాలని నా ఆశ. కానీ దానికీ అడగాలిగా.

"నాకు అక్షరాలొస్తే నీ పుస్తకం ఎక్కడ దాచుకుంటావే?"

రెండు రోజులు ఆలోచించింది. తర్వాత పుస్తకం అట్ట మీద పెద్దగా ఏదో రాసి నా ముందు పెట్టింది.

"బడికెందుకు, నేనే నేర్పుతా. ముందు ఇది చదువు. తప్పు చదివితే గుంజీలు తీయిస్తా పెద్దమ్మా!"

వారం పట్టింది కూడబలుక్కోవడానికి. నా జీవితంలో నేను చదివిన మొదటి వాక్యం అది: "అడక్కుండా ముట్టుకోవద్దు."

ఇప్పుడు మణి చల్లపల్లిలో టీచరు. పుస్తకం నా పెట్టెలో ఉంది. పేపరు కూడా గడగడా చదువుతాను కానీ, దాన్ని తెరవలేదు.

నాలాంటి వాళ్ళకు ఒక్క మాట. పిల్లలు ఎవరి దగ్గరికైనా వెళ్ళనంటే తోయకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకని అడగండి. చెప్పింది నమ్మండి.