కాశిబుగ్గలో నాకెదురైన ప్రశ్న

మా హైదరాబాద్ కంపెనీ తివాచీలు ఎగుమతి చేస్తుంది. అందులో ఉద్యోగులను ఎంపిక చేసే పని నాది. మేళాలో కొన్న ఒక వరంగల్ దరీ (నూలు తివాచీ) మీద మా యజమాని మనసు పారేసుకున్నారు. "ఈ డిజైన్ వేసినవాళ్లెవరో కనుక్కుని, ఉద్యోగం మాట్లాడి రా" అన్నారు. మేళాలో దాన్ని అమ్మిన సమ్మయ్య గారి చిరునామా పట్టుకుని శనివారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కాను. సిట్టింగ్ టికెట్ వందకు అటూ ఇటూ, ప్రయాణం రెండున్నర గంటలు. రఘునాథపల్లి దాటేసరికి కిటికీ బయట పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. వరంగల్ స్టేషన్ బయట ఆటో అతను కాశిబుగ్గకు వంద అడిగి, "దరీల సమ్మయ్య ఇల్లా? నాకెరుకే అక్కా, ఎనబై ఇయ్యి" అని ఎక్కించుకున్నాడు.

సమ్మయ్య గారు డెబ్బై దాటిన నేతగాడు. దరీ ఫోటో చూపగానే మగ్గం దగ్గరున్న అమ్మాయిని చూపించారు.

"గీ మేరోన్ గీసిందే. ఇథియోపియా పిల్ల, ఈడనే బట్టల చదువు సదువుతాంది. మేం ఎవర్నన్న పనిల పెట్టుకోవాల్నంటే ముందుగాల మగ్గం మీద కూసోవెడ్తం బిడ్డా. జానెడు నేసినంకనే మాట."

నా పేరు, కంపెనీ పేరు చెప్పగానే మేరోన్ చేతులు ఆగిపోయాయి. "రెండు నెలల కింద నాకు రిజెక్ట్ మెయిల్ పెట్టింది మీరే కదా మేడం?" అంది, అచ్చం కాశిబుగ్గ తెలుగులో.

ఆ మెయిల్ పంపింది నేనే. మా ఫారంలో 'పని వీసా కావాలా' అన్న గడి ఉంటుంది. అక్కడ 'అవును' అని కనిపిస్తే నేను ఆ దరఖాస్తు పక్కన పెట్టేస్తాను. విదేశీయులకు పని వీసా రావాలంటే జీతం ప్రభుత్వం పెట్టిన హద్దుకు తగ్గకూడదు. మా కొత్త డిజైనర్లకిచ్చేది అందులో సగం కూడా ఉండదు. మేరోన్ చదువు అయిపోతోందట, వచ్చే నెలలోగా ఉద్యోగం దొరక్కపోతే దేశం విడిచి వెళ్లాలట. వాకిట్లోకి వచ్చి యజమానికి ఫోన్ చేశాను. "అంత జీతం మనవల్ల కాదమ్మా, ఇంకెవరినైనా చూడు" అన్నారు.

లోపలికి వెళ్లి ఉన్నమాట చెప్పాను.

"పని రాదంటె సరే. పని వచ్చిన పిల్లను గూడ వాపస్ పంపుతరా?" అన్నారు సమ్మయ్య గారు.

"మేడం తప్పేంలే తాతా, రూల్ నాకెరుకే" అని మేరోన్ నావైపు తిరిగింది. "ఒక్కటి చెప్పుండ్రి మేడం. 'మీ డిజైన్లు చూశాం' అని మెయిల్ల రాసిండ్రు. నిజంగ చూసిండ్రా?"

"లేదు" అన్నాను.

మధ్యాహ్నం రైలులో కూర్చోవడానికి సీటు దొరికింది కానీ మనసు కుదురుగా లేదు. సిగ్గేసింది. రూల్ నేను పెట్టింది కాదు, మార్చలేను కూడా. చూడకుండానే చూశానని రాసింది మాత్రం నేనే. నాలాగా పనివాళ్లను వెతుక్కుంటూ బయలుదేరేవారు జీతం, వీసా సంగతులు ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్లండి. ఆశపెట్టి కాదనడానికి అంత దూరం పోకండి.