చెయ్యి పెట్టని బెల్లం

కిలిమంజారో కొండ కింద మోషీ అనే ఊళ్లో నేను పద్దెనిమిది రోజులు ఉన్నాను. కొండ ఎట్లుందని అడిగినవాళ్లకు బెల్లం గురించి చెబుతాను. వాళ్లకు విసుగు. నాకు మాత్రం ఇప్పటికీ కోపం.

అరవైల మొదట్లో సంగతి. ఆ దేశానికి అప్పుడప్పుడే స్వాతంత్ర్యం వచ్చింది. నేను నాలుగో తరగతిలోనే బడి వదిలేసి, జహీరాబాద్ చుట్టుపక్కల చెరుకు తోటల్లో బెల్లం వండుతూ బతికేవాణ్ణి. పలక మీద అక్షరం కుదరలేదు గానీ, పెనంలో పాకం కుదిరేది. మా బజారులో బెల్లం కొనే సేటుకు మోషీలో ఒక బావమరిది ఉన్నాడు. అతని మిల్లులో బెల్లం గట్టిపడకుండా జారిపోతోందట.

"ఓడ టికెట్ వాళ్లే పెడ్తరు. పోయి తప్పు ఎవనిదో చెప్పిరా" అన్నాడు సేటు.

ఎవనిదో అన్నాడు గానీ, తప్పు ఏమిటో చూడమనలేదు. ఆ మాట అప్పుడే పట్టుకోవలసింది. ఓడ అనగానే నాకింకేమీ వినపడలేదు.

"ఆడ సింహాలు ఉంటయట, జర పైలం బిడ్డా" అన్నాడు మా చిన్నాయన.

"నన్ను తింటే దానికే అజీర్తి చిన్నాయనా" అన్నాను.

మోషీలో దిగేసరికి కొండ మబ్బుల్లో ఉంది. ఆ బావమరిది నన్ను నేరుగా పెనాల దగ్గరికి తీసుకెళ్లాడు. పొయ్యి ముందు ఆ ఊరి ముసలాయన ఒకడు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. బావమరిది హిందీ, నా ఉర్దూ కలిసి ఎట్లాగో నడిచాయి. నా చెవికి మాత్రం అతని మాటలన్నీ మన జహీరాబాద్ మాటల్లాగే పడేవి.

"వీడే పాడుజేస్తుండు. పన్నెండేండ్ల సంది వండుతుండు, చెయ్యి కుదర్లే."

"పన్నెండేండ్లు కుదరకుంటే ఇన్ని దినాలు ఏం అమ్మిన్రు సేటూ?"

అతను నవ్వలేదు.

రెండు రోజులు ముసలాయన పని చూశాను. పాకం చుక్కను చల్లనీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూసేవాడు, అచ్చం మా నాయనలాగే. తెట్టు తీసే ఒడుపు చూసి నాకే సిగ్గేసింది. నన్ను 'రఫీకి' అని పిలిచేవాడు. దోస్తు అని అర్థమట. మిల్లు వెనక మిల్లువాళ్లదే ఒక గదిలో భార్యతో, ముగ్గురు మనవలతో ఉండేవాడు. పని పోతే ఆ గదీ పోతుంది.

మూడో రోజు చెరుకు కుప్ప దగ్గరికి వెళ్లి ఒక ముక్క విరిచి నమిలాను. పులుపు. ఉన్న ఒక్క లారీని బావమరిది వేరే సరుక్కి తిప్పుతున్నాడు. నరికిన చెరుకు నాలుగేసి రోజులు చేలోనే ఎండుతోంది. మా కోహీర్ వైపు పొద్దున నరికిన చెరుకు దీపాలు పెట్టేలోగా గానుగలో పడకపోతే రైతు నిలబడలేడు. పులిసిన చెరుకుతో దేవుడు వండినా బెల్లం కట్టదు.

బావమరిదికి అదే చెప్పాను. "ఒక్క దినం లారీ ఇటు పంపుండ్రి. ముసలాయనే వండుతడు. నేను చెయ్యి పెట్ట."

సరే అన్నాడు గానీ, లారీ ఇటు తిప్పేసరికి రెండు వారాలయింది. ఆ రోజు తాజా చెరుకు వచ్చింది. అందరికీ కనపడేట్టు చేతులు చంకల్లో పెట్టుకుని, బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాను. ముసలాయన వండాడు, అచ్చుల్లో పోశాడు. బెల్లం రాయిలా కట్టింది. మొదటి ముక్క విరిచి నా నోట్లోనే పెట్టి, పళ్లన్నీ కనపడేట్టు నవ్వాడు.

మర్నాడు పొద్దున బావమరిది నా భుజం తట్టాడు. "చూసినవా? నువ్వు కూసున్నవు, బెల్లం కట్టింది. మనోని నజర్ ఉంటే చాలు."

"నేను గరిటె ముట్టలే సేటూ. మీ కండ్లతోనే చూసిన్రు గద."

"గదే ఉస్తాద్‌తనం. ముసలోన్ని పొమ్మన్న. ఆ గదిల నువ్వుండు."

నా నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వెటకారం సిద్ధంగా ఉండేది. ఆ పూట మాత్రం వాపసు టికెట్ ఇయ్యమని అడిగాను.

గేటు దగ్గర ముసలాయన కుటుంబం గిన్నెలు, చాపలు మోసుకుని పోతోంది. అడ్డం వెళ్లి, నేను చెయ్యలేదని రెండు అరచేతులూ చాపి చూపించాను. వాటిని చూశాడు, నా మొహం చూశాడు, పక్కనుంచి నడిచిపోయాడు. రఫీకి అనలేదు.

ఓడరేవుకు పోయే తిరుగు రైల్లో పక్కనున్నతను కొండ తేటగా కనపడుతోందని కిటికీ చూపించాడు. నేను చూడలేదు.

జహీరాబాద్‌లో దిగి నేరుగా మా బజారు సేటు దుకాణానికి పోయాను.

"తప్పు ఎవనిదో చెప్పుమన్నరు గద. మీ బావమరిదిది" అన్నాను.

"నువ్వు మారవుర" అని సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. బస్తాల మీద కూర్చున్నవాళ్లూ నవ్వారు. నేనేం చెప్పినా నవ్వులాటే అని ఊరికి అలవాటు చేసింది నేనే.

ఆ సేటు బెల్లం కొనే ఏ పెనం దగ్గరా నేను మళ్లీ గరిటె పట్టలేదు. దాన్నీ ఆయన నవ్వులాటే అనుకున్నాడేమో.