అక్కతో ఆడిన ఆఖరి ఆట

నిన్న అమీర్‌పేట మెట్రో కింద ఒక రిపేరు దుకాణంలో పాత వీడియో గేమ్ క్యాసెట్ కనపడింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

గుర్తుందా మీకు? ఆట మొరాయిస్తే క్యాసెట్ బయటికి తీసి నోటితో గట్టిగా ఊదేవాళ్లం. పంజాగుట్టలో మా రెండు గదుల ఇంట్లో ఆ పని అక్కదే. వేడెక్కిన అడాప్టర్ వాసన, ఆట మొదలవగానే టీవీలోంచి వచ్చే ఆ కీచు సంగీతం, వంటింట్లోంచి అమ్మ కేకలు...

పోయినేడు జబ్బు ముదిరాక అక్క ఒకరోజు, "తమ్మీ, గా వంతెన కూలే ఆట మళ్లొక్కసారి ఆడుదాంరా" అంది. కొత్త కన్సోల్ కొన్నాను. ఆ పాత ఆటనే కొత్త కన్సోల్ కోసం మళ్లీ చేసిన డిస్కు ఎక్కడో వెతికి తెచ్చాను. పెడితే అకౌంట్ తెరవమంది, అప్‌డేట్ చేయమంది. మధ్యాహ్నమంతా తిప్పలు పెట్టి, చివరికి ఈ ఆట ఇక నడవదంది. ఫోన్లో చూస్తే సంగతి తెలిసింది. ఆట చేసిన స్టూడియోను ఏదో పెద్ద కంపెనీ కొనేసి, సర్వర్లు మూసేసిందట; అవి లేకపోతే డిస్కున్నా ఆట తెరుచుకోదట.

"డిస్కు మన చేతులనే ఉంది గదరా, ఆడనియ్యకపోవుడేంది?" అంది అక్క.

నాకు ఏడుపొచ్చింది. తను మాత్రం కళ్లు మూసుకుని, "జాయ్‌స్టిక్ పట్టుకో, నేను చెప్త. ముందల గుంత ఉంది, దుంకు. జర ఆగు... ఇగ వంతెన కూలుతది, ఉరుకు!" అంటూ మొదటి లెవెల్ మొత్తం చెప్పింది. ఆమె చెప్పినట్టల్లా బటన్లు నొక్కాను.

"గెలిచినం తమ్మీ" అని నవ్వింది.

ఆ నెలలోనే అక్క పోయింది. రెండో లెవెల్లో ఏముందో ఎంత తలచుకున్నా నాకు గుర్తు రావడం లేదు. మీలో ఎవరికైనా గుర్తుంటే చెప్పండి.